రాజమండ్రిలో రోజంతటికీ ఆటో: కుటుంబంతో తిరగడానికి ఎంతవరకు పనికొస్తుంది?

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని ఒక్కరోజు చూసిపోదామని రాజమండ్రి వచ్చేవాళ్లు రైల్వే స్టేషన్ బయటో, ఆర్టీసీ కాంప్లెక్స్ ముందో రోజుకి ఆటో మాట్లాడుకుంటారు. మంచి ఏర్పాటే. మెయిన్ రోడ్డు, దేవీచౌక్, జాంపేట సందుల్లో కారుకి చోటు వెతికేలోపు ఆటోలో దిగి చూసి మళ్లీ ఎక్కేయొచ్చు. కాకపోతే బేరం సరిగ్గా కుదరాలి, తిరిగే వరస సరిగ్గా ఉండాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా మధ్యాహ్నానికే పిల్లలు డీలా పడిపోతారు.

ముందు మనుషుల లెక్క చూసుకోండి. ప్యాసింజర్ ఆటోకి అనుమతి డ్రైవరు కాక ముగ్గురికే. ఆరుగురు సర్దుకుంటే ఊళ్లో ఎలాగో నడుస్తుంది గానీ, కడియం నర్సరీల కోసం వేమగిరి దగ్గర హైవే ఎక్కాక అది నిజంగా ప్రమాదం. పక్కనుంచి లారీ పోతే ఆ గాలికే బండి ఊగుతుంది, అంచున కూర్చున్న పిల్లల కాళ్లు బయటికి వేలాడుతుంటాయి. భార్యాభర్తలూ ఒక పిల్లా అయితే ఆటోని మించింది లేదు. తాతయ్య, నానమ్మ కూడా ఉంటే డబ్బు ఎక్కువైనా ఏడు సీట్ల కారే మాట్లాడుకోండి.

బేరం రెండు రకాలు: చోట్ల లెక్క, గంటల లెక్క. చోట్ల లెక్కకి ఒప్పుకోవద్దు. దారిలో చిన్న గుడి దగ్గర ఆగినా, టీ తాగినా అది "ఇంకో పాయింటు" అవుతుంది, సాయంత్రం డబ్బులిచ్చేటప్పుడు గొడవ. అడగాల్సిన మాట ఇది: "ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఐదున్నర దాకా, ధవళేశ్వరం, కడియపులంక కలిపి, వెయిటింగుతో సహా మొత్తం ఎంత బాబూ?" కడియం నర్సరీలుండే కడియపులంక పేరు ముందే చెప్పకపోతే "అది ఊరి బయటండి" అని తర్వాత అదనంగా అడుగుతారు, వాళ్ల వైపు నుంచి అదీ న్యాయమే. అడ్వాన్సు గ్యాసుకి సరిపడా ఇస్తే చాలు, మిగతాది దిగాక. బండి నంబరూ డ్రైవరు ఫోనూ రాసుకోండి, ఎందుకంటే రేవుల దగ్గర ఆటోని దూరంగా ఆపిస్తారు, ఒకేలాంటి బళ్లలో మనది వెతుక్కోవడం కష్టం.

పొద్దున్నే గోదావరి ఒడ్డు కానిచ్చేయాలి. పుష్కర ఘాట్, మార్కండేయస్వామి గుడి, కోటిలింగాల రేవు ఎండ ముదరకముందే అయిపోతాయి. కింద ధవళేశ్వరం బ్యారేజీ నీళ్లని నిలబెడుతుంది కాబట్టి వేసవిలో కూడా ఇక్కడ స్నానానికి నీళ్లుంటాయి. నీళ్లు తగిలే కింది మెట్ల మీద మాత్రం నాచు ఉంటుంది, పెద్దవాళ్లు గొలుసో చెయ్యో పట్టుకోకుండా దిగకూడదు. మెట్ల మీద నిలబడి వంతెనలు పిల్లలకి చూపించండి. పాత హేవలాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచాయి, దానికి 56 స్పాన్లు, అంటే స్తంభాల మధ్య ఖాళీలు. దాని తర్వాత రైళ్లు మళ్లింది విల్లుల్లాంటి ఆర్చీలున్న కాంక్రీటు వంతెన మీదికి. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద కింద రైలు, పైన బస్సు. ఆ వంతెన మీద రైలూ బస్సూ ఒకేసారి పోతుంటే చూడాలని పిల్లలు కదలరు, ఆ కాసేపూ ఆగండి.

తొమ్మిది ప్రాంతంలో ధవళేశ్వరం బయల్దేరితే వేళ సరిపోతుంది. ఈ రోజు మొత్తంలో తొందరపడకూడని చోటు ఇదొక్కటే. చాలామంది డ్రైవర్లు బ్యారేజీ మీద ఐదు నిమిషాలు ఆపి, ఫొటోలు తీసుకోమని, ఎక్కించేస్తారు. కాటన్ మ్యూజియం చూడకుండా బ్యారేజీ చూస్తే అది ఉత్త వంతెనలాగే కనిపిస్తుంది. మ్యూజియంలో మ్యాపులు, నమూనాలు, పనిముట్లు చూశాక పిల్లలకి సంగతి తెలుస్తుంది: ఇక్కడ గోదావరి లంకల మధ్యగా విడిపోతుంది, ఆనకట్ట కూడా నాలుగు ముక్కలు, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది గేట్ల బ్యారేజీ, మొత్తం 175 గేట్లు: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. తూర్పు డెల్టా కాలువలు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టావి ర్యాలి దగ్గర, పశ్చిమ డెల్టావి విజ్జేశ్వరం దగ్గర బయల్దేరతాయి. మన పొలంలోకి వచ్చే నీళ్లు ఏ తలుపు నుంచి వస్తున్నాయో పిల్లలకి చూపించగలిగే చోటు ఇదే. మ్యూజియానికి కనీసం ముప్పావు గంట కేటాయించమని డ్రైవరుకి ముందే చెప్పండి.

ఏ నెలలో వస్తున్నారన్నది కూడా ముఖ్యం. రబీ కోతలయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. ఆ మధ్యలో వస్తే కాలువల్లో చూడ్డానికి ఏమీ ఉండదు. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీళ్లు వస్తాయి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే పడవ షికారు, రేవుల్లో స్నానం మనసులోంచి తీసేయాలి. ఆ రోజు వార్తల్లో నీటిమట్టం చూసుకునే బయల్దేరండి.

ధవళేశ్వరం నుంచి వెనక్కి ఊళ్లోకి రాకుండా వేమగిరి మీదుగా కడియపులంక వెళ్లిపోవాలి. ముందు ఊరు, మళ్లీ ధవళేశ్వరం, మళ్లీ ఊరు, మళ్లీ కడియం అని తిప్పే డ్రైవరుంటే ఆ వరస మార్పించండి. నర్సరీల్లో హైవే పక్కన మొదట కనిపించిన దుకాణం దగ్గరే ఆపితే, లోపలికి కడియపుసావరం వైపు తోటల్లోకి కూడా తీసుకెళ్లమని అడిగి, రెండు చోట్లా రేటు పోల్చుకోండి. కొనేవి చిన్న కవర్లలో మొక్కలే అయితే మంచిది. పెద్ద కుండీ ఆటో వెనక పెడితే గతుకులకి మట్టిగడ్డ పగిలి వేళ్లు బయటపడతాయి, వారంలో మొక్క చచ్చిపోతుంది. కొన్నాక నీళ్లు గుప్పించకుండా తడి గోనెసంచి చుట్టించి, కాళ్ల దగ్గర నీడలో పెట్టుకోండి. అంటు మామిడి కొంటే అంటు కట్టిన చోటు గట్టిగా ఉందో లేదో, దాని కిందనుంచి వేరే చిగురు వస్తోందేమో చూసి తీసుకోవాలి.

భోజనం పన్నెండున్నరకే. ఆదివారం ఒంటిగంట దాటితే పేరున్న మెస్సుల దగ్గర కుర్చీ వెనక నిలబడాల్సిందే.

ఎండ వేళ నీడపట్టున ఉండాలంటే దామెర్ల రామారావు చిత్రశాల, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం చూడండి. చిత్రశాలలోవి 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన రామారావు వేసిన బొమ్మలు. మన మనుషుల ఒంటి రంగునీ మన గోదావరినీ ఆయన పట్టుకున్న తీరుకి ఎవరైనా ఆగి చూడాల్సిందే. ఆటోవాళ్ల జాబితాలో ఈ చిత్రశాల సాధారణంగా ఉండదు, మీరే అడగాలి. శుక్రవారం మాత్రం రావద్దు, రాష్ట్ర పురావస్తు శాఖ మ్యూజియాలకి ఆ రోజు సెలవు.

నాలుగు దాటాక మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగండి. బట్టలు కొనాలనుకుంటే బట్టల దుకాణాలుండే తాడితోటకి ఇంకో రోజు రండి, అక్కడికి వెళ్తే సాయంత్రం పుష్కర ఘాట్‌లో ఇచ్చే గోదావరి హారతికి అందుకోలేరు.

ఐదున్నరకి పుష్కర ఘాట్ దగ్గర దిగి, లెక్క తేల్చి, ఆటోని పంపించేయండి. హారతి అయ్యేదాకా నిలబెట్టుకుంటే ఆ గంటన్నరకి వెయిటింగు దండగ, జనం విడిచాక బండి ఎలాగూ కదలదు. కాస్త నడిస్తే గోదావరి స్టేషన్. అయితే చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు, రాజమండ్రి స్టేషన్‌లోనే ఎక్కాలి. టికెట్ మీద ఏ స్టేషన్ పేరుందో ఉదయమే చూసుకోండి. కోనసీమవాళ్లు పొద్దున బస్సు దిగగానే రావులపాలెం వైపు రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో కాంప్లెక్స్‌లో అడిగి పెట్టుకుంటే, హారతి మధ్యలో లేవనక్కర్లేదు.