వైజాగ్‌లో నాలుగు రోజులు: ఒక మ్యాప్, రెండు దిక్సూచులు, ఇద్దరు పిల్లలు

సంక్రాంతి సందడి అయిపోయాక మిగిలిన సెలవుల్లో రాజమండ్రి నుంచి వైజాగ్ వెళ్లాం. నేను, మావారు, అత్తయ్య, పదకొండేళ్ల పెద్దాడు, ఏడేళ్ల చిన్నది. బీచ్ చూడ్డానికి అని అందరికీ చెప్పాం గానీ, నా మనసంతా పిల్లలకి ఓరియెంటీరింగ్ నేర్పించడం మీదే ఉంది.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మ్యాప్, దిక్సూచి పట్టుకుని, మ్యాప్‌లో వరుస నంబర్లతో గుర్తుపెట్టిన చోట్లన్నీ వెతుక్కుంటూ వెళ్లి, వీలైనంత త్వరగా తిరిగి రావాలి. ఆ చోట్లని కంట్రోల్స్ అంటారు. 1897లో నార్వేలో జనం కోసం మొదటి పోటీ పెట్టారు. నేను కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో మ్యాప్ చదవడం నేర్చుకున్నాను. మావారి ఉద్యోగం వల్ల స్వీడన్‌లో రెండేళ్లు ఉన్నప్పుడు ఆ ఆట నాకు ప్రాణమైపోయింది. చిన్నపిల్లలున్న అమ్మానాన్నలకి అక్కడ వేర్వేరు టైముల్లో స్టార్ట్ ఇస్తారు. ఒకరు పరుగెత్తి వచ్చాక పిల్లల్ని వాళ్లకి అప్పగించి రెండోవారు బయల్దేరతారు. ఈ ట్రిప్‌లో మేమూ అదే పాటించాం. తెల్లారి ఐదున్నర నుంచి ఏడు దాకా నాది, ఆ తర్వాత గంటన్నర మావారిది. ఆయనకి పరుగు కంటే కెరటాలంటే ఇష్టం, ఆ టైం ఆయనిష్టం. తొమ్మిది తర్వాత రోజంతా పిల్లలది. ఈ పద్ధతి ముందే మాట్లాడుకోబట్టి నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా మా మధ్య మాట తేడా రాలేదు.

బస గురించి చెప్పాలి. మొదటి రాత్రి బీచ్ రోడ్డు మీద సముద్రం కనిపించే హోటల్ తీసుకున్నాం. కిటికీలోంచి చూస్తే కళ్లు తిప్పుకోలేం, నిజమే. కానీ బుక్ చేసినప్పుడు ఉందన్న లిఫ్ట్ పనిచేయలేదు. మోకాళ్ల నొప్పులతో అత్తయ్య మూడో అంతస్తు ఎక్కాల్సి వచ్చింది. అదనపు పరుపుకి ముందు చెప్పని డబ్బులు అడిగారు. అది నాకు బాధేసింది. మర్నాడు ఎంవీపీ కాలనీలో వంటిల్లున్న చిన్న ఫ్లాట్‌కి మారాం. కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. అయినా నా ఓటు దానికే. రైతు బజారు దగ్గర్లో ఉంది, అత్తయ్య తన చేత్తో పప్పుచారు పెట్టుకుంది, పిల్లలు పది గంటలకి నిద్రపోయారు. పొద్దున్నే లేచి పరుగెత్తేవాళ్లకి సముద్రం కనిపించే గది కంటే నిశ్శబ్దంగా ఉండే గది ముఖ్యం.

ఆర్కే బీచ్‌లో మొదటి పాఠం. పెద్దాడిని సముద్రానికి ఎదురుగా నిలబెట్టి, "ఇది ఏ దిక్కురా?" అన్నాను. "తూర్పు," అన్నాడు ఆలోచించకుండా. తూర్పు తీరం అని పుస్తకంలో చదివాడు కదా. దిక్సూచి చేతిలో పెట్టాను. సూది కుదురుకునే దాకా ఆగి, డయల్ తిప్పి, మళ్లీ సముద్రం వైపు చూశాడు. ఆగ్నేయం! ఇక్కడ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. ఒక చివర డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇంకో చివర కైలాసగిరి కొండ. జనవరి సూర్యుడు కూడా సరిగ్గా తూర్పున కాకుండా కాస్త దక్షిణానికి జరిగి సముద్రంలోంచే లేస్తాడు. మర్నాడు తెల్లారే వాడు నాతో వచ్చి అది కూడా కొలుచుకున్నాడు.

అక్కడి నుంచి కురుసుర జలాంతర్గామి దగ్గరికి నడిచాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకున్న ఓడ. ఇప్పుడు మ్యూజియం. 91 మీటర్ల ఇనుము. దూరంగా ఉన్నప్పుడు ఒకలా ఉన్న సూది, ఓడ పక్కకి వెళ్లేసరికి పక్కకి లాగేసింది. ఇనుప గేట్లు, కార్లు, కరెంటు స్తంభాల దగ్గర దిక్సూచిని నమ్మకూడదని నేను పదిసార్లు చెప్పినా ఎక్కనిది, చిన్నదానికి అక్కడ ఒక్కసారికే ఎక్కింది. పిల్లలున్నవాళ్లు దీన్ని మాత్రం వదలొద్దు. బయట నిలబడి మురీ మిక్చర్ తింటూ చూడొచ్చు కూడా.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి సెంట్రల్ పార్క్. ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉన్న స్థలం. చుట్టూ ప్రహరీ ఉంది కాబట్టి పిల్లల్ని ఒంటరిగా వదలొచ్చు. పార్క్ లోపల దారులు, చెట్లు, ఫౌంటెన్, బెంచీలు ఉన్నాయి. మ్యాప్‌లో గుర్తుపెట్టుకోవడానికి అవి చాలు. ఓపెన్ ఓరియెంటీరింగ్ మ్యాపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే 1:4000 స్కేలులో మ్యాప్ గీశాను. అంటే మ్యాప్ మీద ఒక సెంటీమీటరు, నేల మీద 40 మీటర్లు. పోటీల్లో కంట్రోల్ దగ్గర గుర్తుగా కట్టే నారింజ, తెలుపు జెండా ఒక్కో పక్క 30 సెంటీమీటర్లుంటుంది. మా టైలర్ దగ్గర మిగిలిన నారింజ గుడ్డ, మావారి పాత పంచె కలిపి అందులో సగం సైజువి కుట్టించాను. గేటు దగ్గర సిబ్బందిని అడిగి, మొక్కలకి తగలకుండా బెంచీలకి కట్టాం.

పెద్దాడు అడుగులు లెక్కపెడతాడు. వంద మీటర్లకి వాడివి 72 జోడడుగులు, అంటే ఎడమ, కుడి కలిపి ఒకటి. మొదటి కంట్రోల్ మూడు సెంటీమీటర్ల దూరం, అంటే 120 మీటర్లు. లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఆగాడు. అక్కడ జెండా లేదు. "నా లెక్క తప్పలేదమ్మా," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నిజంగానే వాడిది తప్పు కాదు. మ్యాప్ అడుగున ఉన్న స్కేలు గీత కొలిచి చూస్తే, రెండున్నర సెంటీమీటర్లు ఉండాల్సింది 2.1 ఉంది. జిరాక్స్ షాపులో 'ఫిట్ టు పేజ్' నొక్కి ప్రింట్ తీయడంతో మ్యాప్ మొత్తం కుంచించుకుపోయింది. వెళ్లి చెబితే డబ్బులు తీసుకోకుండా మళ్లీ ఇచ్చారు. మీరు ప్రింట్ తీయిస్తే 'యాక్చువల్ సైజ్' అని అడగండి, షాపు గుమ్మం దాటకముందే స్కేలుతో కొలవండి.

చిన్నదానికి లెక్కలేవీ లేవు. నాలుగు కంట్రోల్స్, దారి పట్టుకుని వెళ్లడమే. మూడోదాని దగ్గర దారి రెండుగా చీలింది. అది తప్పు వైపు తిరిగింది. నేను ఇరవై అడుగుల వెనక, చెట్టు చాటున. నోటిదాకా వచ్చింది, "అటు కాదే" అని. మింగేశాను. కొంచెం దూరం వెళ్లి ఆగింది. వెనక్కి చూసింది. మ్యాప్‌ని గుండ్రంగా తిప్పుతూ తిప్పుతూ, బొటనవేలు ఒకచోట నొక్కి పట్టింది. "ఫౌంటెన్ నా ఎడంచేతి పక్క ఉండాలి. కుడిచేతి పక్క ఉంది," అని పైకే చెప్పుకుంది. గిరుక్కున తిరిగి పరుగు తీసింది. ఆ రెండు నిమిషాలు నేను మాట్లాడి ఉంటే అది నేర్చుకునేది నన్ను అడగడమే. ఆఖరి కంట్రోల్ దగ్గర బెంచీ మీద అత్తయ్య వేరుశెనక్కాయల పొట్లంతో కూర్చుంది. ఆవిడని చూసి చిన్నది పార్కంతా వినపడేలా "నానమ్మా!" అని అరిచింది.

కంబాలకొండ అందంగా ఉంటుంది. కానీ అది అభయారణ్యం, చిరుతలు తిరిగే అడవి. దారి వదిలి వెళ్లకూడదు, పిల్లల్ని ఒంటరిగా అసలు పంపకూడదు. జెండాలు సంచిలోంచి తీయలేదు. మ్యాప్ పట్టుకుని అందరం కలిసి నడిచాం. పరుగెత్తగలిగే అడవిని ఈ మ్యాపుల్లో తెల్లగా, చిక్కటి పొదల్ని ఆకుపచ్చగా వేస్తారు. "ఇక్కడైతే ఏ రంగు?" అని అడుగుతూ పోయాం, అంతే. కైలాసగిరి మీద ఆదివారం జనం. పై నుంచి తీరం మొత్తం మ్యాప్‌లా కనిపిస్తుంది, దాని కోసం ఒకసారి వెళ్లాలి. ఎర్రమట్టి దిబ్బల్లో, మ్యాప్ మీద ఎత్తుపల్లాలు చూపించే కాంటూర్ గీతలు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదనిపించింది గానీ, అడుగు వేస్తే అంచులు రాలిపోతున్నాయి. దూరం నుంచే చూపించి వచ్చేశాం. తొట్లకొండ నాకు బాగా నచ్చింది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. స్తూపం, విహారాల పునాదులు చూస్తూ ఏది ఏ దిక్కున ఉందో కాగితం మీద గీయమన్నాను. బౌద్ధ శిథిలాల మీద ఎక్కనివ్వలేదు.

తిరుగుడు ఆటోల్లో, యాప్ క్యాబుల్లో. తొట్లకొండ నుంచి వచ్చేటప్పుడు క్యాబ్ దొరకడానికి ముప్పావుగంట పట్టింది. అటు వెళ్లేవాళ్లు బండిని రానూపోనూ మాట్లాడుకోండి.

ఆఖరి రోజు పొద్దున్న చిన్నది ఫ్లాట్ నుంచి రైతు బజారుకి తనే మ్యాప్ గీసింది. ఉత్తరం బాణం కూడా వేసి నానమ్మ చేతికిచ్చింది. అత్తయ్య ఒక్కతే వెళ్లి ఆనపకాయ, కరివేపాకు తీసుకుని వచ్చింది. "దారి బాగానే ఉందే. ఆ నీలం గేటు మాత్రం నువ్వు ఎడమ పక్క వేశావు, అది కుడి పక్కనుంది," అంది. చిన్నది ఒక్క మాట కూడా అనకుండా పెన్సిల్, రబ్బరు తీసుకుని చెప్పులేసుకుంది. "పద నానమ్మా, చూపించు," అంటూ మెట్లు దిగింది.