పబ్బులో స్టేక్: రంప్ కావాలా, స్కాచ్ ఫిల్లెట్ కావాలా?

ఆస్ట్రేలియా పబ్బుల్లో లంచ్‌కి వెళ్తే చాలాచోట్ల కౌంటర్ దగ్గరే ఆర్డర్ చెప్పి, టేబుల్ నంబర్ తెచ్చుకుని కూర్చోవాలి. కాబట్టి ఏ స్టేకో (కాల్చి వడ్డించే మందపాటి గొడ్డు మాంసం ముక్క) ముందే తేల్చుకోవడం మంచిది.

రంప్ పశువు వెనక భాగం నుంచి వస్తుంది. బాగా పనిచేసే కండ కనుక కాస్త నమలాలి, కానీ మాంసం రుచి బాగా తెలుస్తుంది, ధరా తక్కువే. మీడియం (లోపల కాస్త గులాబీ రంగు మిగిలేలా కాల్చడం) దాటితే మాత్రం దవడలకు పనే.

స్కాచ్ ఫిల్లెట్ అంటే ఎముక తీసేసిన రిబ్‌ఐ, అంటే పక్కటెముకల దగ్గరి మాంసం. ఇందులో కొవ్వు సన్నటి గీతల్లా అల్లుకుని ఉంటుంది కాబట్టి మీడియం దాకా కాల్చినా మెత్తగానే ఉంటుంది. ఎర్రనీరు చూస్తే ఇబ్బందిపడే మనవాళ్లకు ఇదే నయం (అది రక్తం కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కలిసిన నీరు).

ఒక చిక్కుంది: చల్లారితే ఆ కొవ్వు పేరుకుంటుంది. అయినా నా ఓటు దీనికే. ముందు స్టేక్ వేడిగా తినేయండి, కబుర్లకు చిప్స్ చాలు.