గుంతలా, బ్లాకులా?
ఒలింపిక్స్‌లోకి పొట్టి పరుగు మొదలుపెట్టేటప్పుడు కాళ్లు ఆనించి తన్నడానికి నేలకు బిగించే స్టార్టింగ్ బ్లాకులు 1948 లండన్‌లోనే వచ్చాయి. 1936లో అమెరికా పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ కూడా ట్రాక్‌లో గుంతలు తవ్వుకునే పరిగెత్తాడు. వరంగల్ పల్లెల మొరం గ్రౌండ్లలో గుంత ఇప్పటికీ పనికొస్తుంది, పైసా ఖర్చు లేదు, చిన్న తాపీ చాలు. పరుగు మొదలయ్యే గీతకు రెండు పాదాల వెనక ఒకటి, మూడు పాదాల వెనక ఇంకొకటి. ముందు గుంతలో కాలు తన్నే గోడ కాస్త ఏటవాలుగా, వెనకదాంట్లో ఇంకొంచెం నిటారుగా ఉండాలి. మట్టి పొడిబారితే ఆ గోడే విరిగి కాలు జారుతుంది; నీళ్లు చల్లి గట్టిగా తొక్కాలి. ఆటయ్యాక పూడ్చకపోతే తర్వాతివాడి చీలమండ మెలిపడుతుంది.

బ్లాక్‌లో కొలత ఒకసారి పెడితే కదలదు. మొరంలో మాత్రం దాన్ని నేలకు పట్టి ఉంచే మేకులు పొట్టివైతే మొదటి తన్నుకే బ్లాక్ లేచొస్తుంది. హనుమకొండ జేఎన్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియంలోని రబ్బరు లాంటి సింథటిక్ ట్రాక్ మీద తవ్వే మాటే లేదు, అక్కడ బ్లాకే.