పీఎస్2కి కాంపొనెంట్ కేబుల్: నాలుగేళ్ల తర్వాత

ప్లేస్టేషన్ 2 (పీఎస్2) గేమింగ్ కన్సోల్ బొమ్మని టీవీకి పంపే ఈ కేబుల్ కొన్న కొత్తలో ఇంటికి ఎవరొచ్చినా వదిలేవాణ్ని కాదు. పాత పసుపు వైరు ఒకసారి, ఈ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వైరు ఒకసారి మార్చి మార్చి చూపించేవాణ్ని. పసుపు వైరులో వెలుగూ రంగూ కలిసి ఒకే తీగలో వస్తాయి కాబట్టి అక్షరాల అంచుల్లో చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఇందులో ఆ గోల లేదు. మా 32 అంగుళాల ఎల్‌సీడీలో స్కోరు అంకెలు మొదటిసారి కళ్లు చికిలించకుండా చదివాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను, పీఎస్2 డిస్కుల వరకు.

మొదటిరోజు రంగులు తారుమారయ్యాయి గానీ తప్పు నాదే. పీఎస్2 సిస్టమ్ కాన్ఫిగరేషన్ మెనూలో కాంపొనెంట్ వీడియో అవుట్‌ని ఆర్‌జీబీ నుంచి రెండో ఎంపికకి మార్చాలి. ఆ మెనూ సరిగ్గా కనబడటానికి పాత వైరే దిక్కు, పారేయకండి.

అసలు దెబ్బ రెండో ఏడు వేసవి సెలవుల్లో తగిలింది. మావాడికి నా చిన్నప్పటి ఆట క్రాష్ బాండికూట్ చూపిద్దామని, దీనికి ముందు తరం కన్సోలైన పీఎస్1 డిస్కుని ఇందులోనే పెట్టాను. బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచే వెళ్లిందని గొప్పగా చెప్పాను కూడా. లోగో నిక్షేపంగా వచ్చింది. తర్వాత తెరంతా నలుపు. సౌండ్ విడిగా స్పీకర్లకు ఇచ్చాను కాబట్టి పాట మాత్రం మోగుతోంది.

"నాన్నా, పందికొక్కేదీ?"

డిస్కు తుడిచాను. లెన్స్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. ఇంకో కేబుల్ కూడా కొన్నాను, దండగ. చివరికి తేలిందేమిటంటే, పీఎస్1 ఆటలు చాలావరకు 240పి, అంటే ప్రతిసారీ అవే 240 గీతల్లో గీసే బొమ్మ, పంపుతాయి (పాల్ అనే టీవీ పద్ధతి డిస్కైతే 288పి). మా టీవీ కాంపొనెంట్ సాకెట్ దాన్ని తీసుకోదు. పసుపు సాకెట్ తీసుకుంటుంది గానీ 480ఐ, అంటే బేసి గీతలొకసారి సరి గీతలొకసారి వచ్చే బొమ్మ, అనుకుని రెండేసి బొమ్మల్ని కలిపి కుట్టేస్తుంది, సన్నని గీతలన్నీ వణుకుతాయి.

అదే డిస్కు మా అత్తగారింట్లో 21 అంగుళాల డబ్బా టీవీలో, అదే పసుపు వైరుతో, ఎంత బాగుందో! నా కేబుల్ సంగతి అక్కడ ఎత్తలేదు.

పీఎస్2 ఆటలే ఆడేవాళ్లు, టీవీకి ఆ మూడు సాకెట్లూ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. మా హాల్లో కొత్త టీవీకి అవీ లేవు. ఓఎస్‌ఎస్‌సీ లాంటి లైన్ డబ్లర్ (గీతల సంఖ్యను రెట్టింపు చేసే డబ్బా) మధ్యలో పెడితే 240పి కూడా హెచ్‌డీఎంఐలోకి వస్తుంది, కానీ నెలకు రెండు ఆదివారాలు ఆడే నాకు అంత ఖర్చు మనసొప్పలేదు. పాత ఎల్‌సీడీని పడగ్గదిలోకి మార్చాను. పందికొక్కు మాత్రం అత్తగారి ఊళ్లోనే.