స్వర్ణముఖి ఒడ్డున: తిరుచానూరా, శ్రీకాళహస్తా?

తిరుపతిలో ఒక పూట ఖాళీ ఉంటే తిరుచానూరు చాలు. ఊరు ఇప్పుడు నగరంలో కలిసిపోయి, ఆటోలో ఐదు కిలోమీటర్లే. పద్మావతి అమ్మవారిని చూశాక చాలామంది వెనక్కి తిరుగుతారు, అది పొరపాటు. పక్కనే యోగిమల్లవరంలో పరాశరేశ్వరుడి గుడి ఉంది, చోళుల కాలం శాసనాలు గోడల మీదే చదవొచ్చు. కార్తీక బ్రహ్మోత్సవాల్లో పుణ్యస్నానాల రోజైన పంచమీ తీర్థం నాడు మాత్రం అమ్మవారి కోనేరు పద్మ సరోవరం దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు, పిల్లలతో వెళ్ళకండి.

పూర్తి రోజు దొరికితే శ్రీకాళహస్తి. స్వర్ణముఖి ఏరు ఇక్కడ గుడిని ఒరుసుకుంటూ ఉత్తరంగా పారుతుంది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మేలో కూలింది, ఇప్పుడున్నది కొత్తది.

నన్నడిగితే ఈ ఊరి అసలు సొత్తు కలంకారీ, అంటే బట్ట మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే పని. బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు లేకపోతే రంగు పాకిపోయి గీత చెదురుతుంది. నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో 15–20 రోజులు పులియబెడతారు. ఎరుపు పట్టాలంటే ముందు పటిక పూయాలి. తర్వాత పారే నీటిలో జాడించాలి, నిలవ నీటిలో అయితే వదిలిన పటిక పక్కకు అంటి మరకలు పడతాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఏరు ఇసుకే కాబట్టి పనివాళ్ళకు ఇదే పెద్ద కష్టం. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి: చేత్తో గీసిన గీత మందం ఒక్కలా ఉండదు.