సొంత రన్నర్‌తో గిట్‌ల్యాబ్ సీఐ: రెండేళ్ల వాడకం తర్వాత

నల్లగొండలో బత్తాయి కొనుగోళ్ల లెక్కలు చూసే ఏడు మైక్రోసర్వీసులను (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములను) గిట్‌ల్యాబ్ సీఐతోనే, అంటే కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, డిప్లాయ్ పనులను దానంతటదే చేసే సాధనంతోనే, బిల్డ్ చేసి కుబెర్నెటిస్‌కు (కంటెయినర్లను నడిపే వ్యవస్థకు) పంపుతున్నాం. కోడ్ గిట్‌ల్యాబ్ క్లౌడ్‌లో, ఆ పనులను (జాబులను) నడిపే రన్నర్ మెషీన్ మా ఆఫీసులో: 8 కోర్లు, 16 జీబీ ర్యామ్. సొంత రన్నర్ మీద నడిచిన నిమిషాలు గిట్‌ల్యాబ్ ఇచ్చే ఉచిత నిమిషాల కోటాలోంచి తగ్గవు. చిన్న టీముకు అదే పెద్ద ఊరట. ఐదుకు నాలుగు ఇస్తాను.

రన్నర్ పెట్టగానే కాన్‌కరెంట్ విలువ (ఒకేసారి నడిచే జాబుల సంఖ్య) 1 ఉంటుంది, జాబులన్నీ లైన్లో నిలబడతాయి. ఈ మెషీన్‌కు 3 సరిగ్గా సరిపోయింది. 5 చేస్తే జావా బిల్డులు మెమొరీ చాలక ఎగ్జిట్ కోడ్ 137తో ఆగిపోతాయి.

మారిన సర్వీసునే బిల్డ్ చేయడానికి ‘చేంజెస్’ రూల్ ఉంది. కొత్త బ్రాంచ్ తొలి పుష్‌లో మాత్రం అది అన్నింటినీ మారినట్టే లెక్కేస్తుంది. దేనితో పోల్చాలో చెప్పే ‘కంపేర్ టు’లో మెయిన్ బ్రాంచ్ ఇస్తే ఆ బాధ పోతుంది.

ఇమేజ్‌కు (బిల్డ్ చేసిన సర్వీసు ప్యాకేజీకి) ‘లేటెస్ట్’ ట్యాగ్ వద్దేవద్దు. ట్యాగ్ మారకపోతే కుబెర్నెటిస్‌కు ఏం నడపాలో చెప్పే డిప్లాయ్‌మెంట్ స్పెక్ మారదు, కొత్త పాడ్‌లు (సర్వీసు నడిచే కాపీలు) రావు. కమిట్ హ్యాష్‌నే (ఒక్కో కోడ్ మార్పుకు గిట్ ఇచ్చే గుర్తునే) ట్యాగ్‌గా పెట్టండి.

అసలు పైలంగా ఉండాల్సింది డెలివరీ దగ్గర. కుబెర్నెటిస్‌లో రిలీజ్‌లు పెట్టే సాధనం హెల్మ్ 3లో ‘అటామిక్’ పెడితే, కొత్త పాడ్‌లు గడువులోపు రెడీ కాకుంటే పాత వెర్షన్ దానంతటదే తిరిగొస్తుంది. డేటాబేస్ మాత్రం వెనక్కి రాదు. మైగ్రేషన్‌లో (డేటాబేస్ టేబుళ్లను మార్చే స్క్రిప్టులో) కాలమ్ తీసేసి ఉంటే, తిరిగొచ్చిన పాత కోడ్ దాన్నే వెతుక్కుంటూ ఎర్రర్లు ఇస్తుంది. అందుకే ఒక రిలీజ్‌లో కోడ్ ఆ కాలమ్‌ను వాడడం మానాలి, తర్వాతి రిలీజ్‌లోనే కాలమ్ తీయాలి. ఇంకొకటి, డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ తయారీ సూచనల ఫైలులో) సీఎండీని, అంటే యాప్‌ను మొదలుపెట్టే ఆదేశాన్ని, షెల్ రూపంలో రాస్తే సిగ్‌టర్మ్ (ఆగమని చెప్పే సిగ్నల్) యాప్‌దాకా చేరకపోవచ్చు. 30 సెకన్లు ఆగి కుబెర్నెటిస్ దాన్ని చంపేస్తుంది, నడుస్తున్న రిక్వెస్టులు తెగిపోతాయి. బ్రాకెట్ల రూపంలో రాయండి.

డిస్క్ సంగతి తేలికే: పాత ఇమేజ్‌లను రోజూ రాత్రి ప్రూన్ చేసే (తీసేసే) క్రాన్, అంటే వేళకు దానంతటదే నడిచే పని, చాలు.

కరెంటు సంగతి అంత తేలిక కాదు. కరెంటు పోయి డిప్లాయ్ మధ్యలో రన్నర్ ఆగితే హెల్మ్ రిలీజ్ ‘పెండింగ్ అప్‌గ్రేడ్’లో ఇరుక్కుంటుంది. తర్వాతి డిప్లాయ్‌లన్నీ ‘ఇంకో ఆపరేషన్ నడుస్తోంది’ అని ఫెయిలవుతాయి. హెల్మ్ హిస్టరీ చూసి, చివరగా సరిగ్గా నడిచిన రివిజన్‌కు రోల్‌బ్యాక్ ఇస్తే విడిపోతుంది. యూపీఎస్ కొంటే రన్నర్‌తోపాటు రూటర్‌నూ దానికే కలపండి. నెట్ తెగినా ఇదే జరుగుతుంది.