ఆప్లిక్ వర్క్: నాలుగు పద్ధతులూ వాడాక చివరికి దేని దగ్గర ఆగానంటే

ఆప్లిక్ అంటే వెనక గుడ్డ మీద ఇంకో రంగు గుడ్డ ముక్కని ఆకారంగా పెట్టి అంచులు కుట్టడం. దాన్ని చేత్తో నేర్చుకుందామనుకునేవాళ్ళు ముందు అడిగేది ఏ పద్ధతి తేలిక అని. నేనైతే ఉతికాక ఏది నిలబడుతుందో అడగమంటాను, ఎందుకంటే కుట్టిన రోజు అన్నీ బాగానే ఉంటాయి. ఒకే తామరపువ్వు డిజైన్, 12 అంగుళాల బ్లాకు (బొంతలో ఒక చదరం ముక్క), రకరకాలుగా కుట్టి ఒకే బొంతలో కలిపేశాను, అది మా ఇంట్లో రోజువారీ వాడకంలోనే ఉంది, మా కోనసీమ వానాకాలాలూ చూసింది, బోల్డు ఉతుకులూ చూసింది. తామరే ఎందుకంటే రేకు కొన సూదిగా ఉంటుంది, రెండు రేకుల మధ్య లోపలికి వెళ్ళే మూల ఉంటుంది, కాడ వంపు తిరుగుతుంది, ఆప్లిక్ లో కష్టమైనవన్నీ ఒక్క పువ్వులోనే వచ్చేస్తాయి.

ఫ్యూజిబుల్ వెబ్, అంటే వేడికి రెండువైపులా అంటుకునే పల్చటి జిగురు పొర, పెట్టి ఇస్త్రీ చేసి, అంచు మడవకుండా చుట్టూ కాజా కుట్టు వేసేది తొందరగా అయిపోతుంది. గోడకి తగిలించే వాటికి గట్రా పర్లేదు. బొంతకి మాత్రం వద్దు, ఉతికేకొద్దీ కుట్ల మధ్యలోంచి పోగులు లేస్తాయి, గుడ్డ బిరుసెక్కి క్విల్టింగ్ (బొంత పొరలన్నీ కలిపి కుట్టడం) చేసేటప్పుడు సూది సరిగ్గా దిగదు.

ఫ్రీజర్ పేపర్ అంటే అమెరికాలో మాంసం చుట్టి ఫ్రీజర్ లో పెట్టుకునే కాగితం, ఒకవైపు ప్లాస్టిక్ పూత ఉంటుంది, వేడి తగిలితే గుడ్డకి అంటుకుంటుంది, లాగితే మరక లేకుండా వచ్చేస్తుంది. చాలా మంచి వస్తువండి, కానీ మన బట్టల కొట్లలో అడిగితే దొరకదు, బేకింగ్ కి వాడే బటర్ పేపర్ అస్సలు అంటుకోదు. కాగితం లోపల పెట్టి చుట్టూ పూర్తిగా కుట్టేశామంటే తర్వాత వెనక గుడ్డ చీల్చి బయటికి తీయాలి, అది నాకు మనసొప్పదు.

గంజి పద్ధతి గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. పాత శుభలేఖ అట్టతో రేకు ఆకారం కత్తిరించుకుని, గుడ్డ పావు అంగుళం ఎక్కువ వదిలి, ఆ అంచుకి పల్చటి గంజి బ్రష్ తో రాసి, అట్ట మీదకి మడిచి ఆరేదాకా ఇస్త్రీ చేసి అట్ట తీసేయడమే. పువ్వు మధ్యలో గుండ్రటి బొడ్డుకైతే అంచు చుట్టూ కచ్చా కుట్టు వేసి దారం లాగితే గుడ్డ అట్ట మీదకి ముడుచుకుని, వంకర లేని గుండ్రం వస్తుంది. ఇంత నీటైన అంచు ఇంకే పద్ధతిలోనూ నాకు రాలేదు. కాకపోతే మా డెల్టా చెమ్మకి వానాకాలంలో గంజి మెత్తబడి మడత తెరుచుకుంటుంది, కాబట్టి ఇస్త్రీ చేసినరోజే కుట్టేయాలి. పనయ్యాక ఉతకకుండా బీరువాలో దాచకండి, గంజి వాసనకి వెండిపురుగులు వస్తాయి.

ఇప్పుడు నేను వాడేది బ్యాక్ బేస్టింగ్. దీనికి అట్టా వద్దు కాగితమూ వద్దు, కరెంటు పోయినా పని ఆగదు. డిజైన్ ని అద్దంలో కనపడేట్టు తిప్పి, వెనక గుడ్డ తిరగవైపున గీస్తాం. ముందువైపున రంగు గుడ్డ పరిచి, వెనకనుంచి గీత మీదే లావు సూదితో, లావు దారంతో చిన్న చిన్న టాకాలు వేస్తాం. నరసాపురం వైపు లేసు అల్లే దారం ఉంటుంది చూడండి, అది దీనికి సరిగ్గా సరిపోతుంది. ఒక రాత్రి అలా వదిలేస్తే టాకాల చిల్లులు గుడ్డ మీద నిలుస్తాయి. తర్వాత పైగుడ్డని టాకాల వరసకి బయట పావు అంగుళం కంటే తక్కువే మిగిలేలా కత్తిరించి, రెండు మూడు టాకాలు విప్పడం, ఆ చిల్లుల వరసలోనే సూది కొసతో అంచు లోపలికి తోసి హెమ్మింగ్ చేయడం, మళ్ళీ విప్పడం. మామూలు నీడిల్ టర్న్ లో (టాకాలు లేకుండా సూది కొసతో అంచు మడుస్తూ కుట్టేది) పైగుడ్డ మీద గీసిన పెన్సిల్ గీత మడతలో దాగకపోతే అలా ఉండిపోతుంది, ఇందులో ముందువైపు గీతే లేదు, ముక్క పక్కకి జరగదు కూడా. ఇలా కుట్టిన బ్లాకు అంచు ఇప్పటికీ ఎక్కడా లేవలేదు.

గుడ్డ సంగతి కూడా చూసుకోవాలండి. జాకెట్ కి తీసుకునే టూ బై టూ రుబియా నేత దగ్గరగా ఉంటుంది, మడత చక్కగా కూర్చుంటుంది. బండారులంక నేత గుడ్డ రంగు నాకు ప్రాణం, కానీ నా దగ్గరున్న ముక్కల నేత కాస్త వదులు, సన్నటి కొనల దగ్గర పోగులు జారతాయి, అందుకని దాన్ని ఆకులకి, ఐమూలగా కత్తిరించి కాడలకి వాడతాను. ఐమూల అయితే వంపు దగ్గర ముడత రాదు. ఎరుపు ఏదైనా ముందే ఉతికి రంగు వదలట్లేదని చూసుకోండి.

రేకుల మధ్య లోపలి మూల దగ్గర గీతకి ఒకటి రెండు పోగుల దూరం వరకే కత్తెర పెట్టి, అక్కడ కుట్లు దగ్గర దగ్గరగా వేయండి. బయటి వంపులకి గాట్లు అవసరం లేదు. దారం రంగు పైముక్కకి కలవాలి, వెనక గుడ్డకి కాదు. సూది 10వ నంబరు స్ట్రా నీడిల్, సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి అంచు తోయడానికి బాగుంటుంది. ఇంకోటి, కుట్టేకొద్దీ వెనక గుడ్డ కొంచెం లాక్కుపోతుంది, అందుకే 12 అంగుళాల బ్లాకుకి 13 అంగుళాల పైనే గుడ్డ తీసుకుని, పని పూర్తయ్యాకే కొలిచి కత్తిరించండి, చుట్టూ కుట్టుకి పావు అంగుళం వదలడం మర్చిపోకండి.